మా అమ్మకు తగదన్న విశేషణం

నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసి ఇంటర్వ్యూకు వెళ్లాను. అప్పటికి నా ఎం.ఏ. పూర్తయి ఏడాది దాటింది. ఆళ్లగడ్డలో మా చర్చి వెనక వీధిలోనే ఒక గది తీసుకుని పదో తరగతి పిల్లలకు గ్రామరు చెబుతూ ఉండేదాన్ని. కాలేజీలో చెప్పాలని కోరిక. పొద్దున్నే బస్సెక్కి, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని, చదివిందంతా మనసులో ఒకసారి తిరగేసుకుంటూ వెళ్లాను.

గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకాయన కాలేజీ యజమాని. పక్కన ప్రిన్సిపాల్ మేడమ్. మూడో ఆయన ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్, తెల్లటి చొక్కా, నెమ్మదైన గొంతు. ప్రశ్నలన్నీ ఆయనే వేశారు. కాలాల మీద అడిగారు, ప్రిపొజిషన్ల మీద అడిగారు. అన్నీ చెప్పాను. చివరికి మార్కరు చేతికిచ్చి, ఒక విశేషణం ఇస్తాను, అర్థం చెప్పి, వాక్యంలో వాడి బోర్డు మీద రాయమన్నారు. ఆయన ఇచ్చిన మాట డిస్క్రిమినేటింగ్.

ఆ మాట నాకు బాగా తెలుసు. డిగ్రీలో ఉన్నప్పుడు లైబ్రరీ నిఘంటువులో దాని ముందు చాలాసేపు ఆగిపోయాను. ఆ పేజీలో రెండర్థాలు కిందా పైనా ఉన్నాయి. మొదటిది, రెండు వస్తువుల మధ్య తేడా కనిపెట్టడం. రెండోది, ఆ తేడాను పట్టుకుని మనుషులను తక్కువగా చూడడం. మనకు పేపర్లలో, కోర్టు వార్తల్లో కనిపించేది రెండోదే. కానీ విశేషణంగా ఒక మనిషి ముందు పెడితే చాలాసార్లు అది మెచ్చుకోలు. ఒకేలా కనిపించే వాటిలో ఏది మేలైనదో, ఏది కాదో పసిగట్టగల మనిషి అని అర్థం. ఇదంతా లెక్చరర్ గారికి చెప్పాను. ఆయన తల ఊపారు. అప్పుడు బోర్డు మీద రాశాను: మై మదర్ ఈజ్ ఎ డిస్క్రిమినేటింగ్ వుమన్.

యజమాని నవ్వాడు. మీ అమ్మ ఎవరి మీద వివక్ష చూపిస్తాదమ్మా అని అడిగాడు. లెక్చరర్ గారు చెయ్యి అడ్డం పెట్టి, అది కాదు సార్, అమ్మాయి రాసిన అర్థం వేరే అని సర్దిచెప్పారు. తర్వాత నా వైపు తిరిగి మా అమ్మ ఏం చేస్తుందని అడిగారు. వరి చేలల్లో కేళీలు తీస్తుందని చెప్పాను. ఆ మాట ఆయనకు తెలియలేదు. విత్తనాల కోసం వేసిన చేనులో వేరే రకం వరి దుబ్బులు అక్కడక్కడ మొలుస్తాయని, వాటిని కేళీలంటారని, అవి ఉంటే విత్తనం కలుషితమవుతుందని, మా అమ్మ ముఠా వాటిని వెతికి పీకేస్తుందని వివరించాను.

ఆయన బోర్డు మీది వాక్యం మళ్లీ చదివారు. అర్థం సరిగానే చెప్పావు గానీ వాడుక కుదరలేదన్నారు. ఈ మాట సంగీతం తెలిసిన శ్రోతకు వాడతారు, పుస్తకాలు ఎంచి చదివే పాఠకుడికి వాడతారు, నేత చూసి పట్టుచీర కొనే ఆమెకు వాడతారు అని ఉదాహరణలిచ్చారు. కూలి చేసుకునే మనిషికి ఇది బరువెక్కువ, హార్డ్ వర్కింగ్ అని రాస్తే సరిపోతుందన్నారు. ఆయన దురుసుగా అనలేదు. పిల్లకు పాఠం దిద్దుతున్నట్టు మెల్లగా అన్నారు. నాకు అదే ఎక్కువ మండింది.

"తుడిచి మళ్లీ రాయమ్మా," అన్నారు.

నేను మార్కరు మూత పెట్టి బల్ల మీద ఉంచాను. "తుడవను సార్. రెండు వరి దుబ్బులు మీ ముందు పెడితే ఏది ఏ రకమో మీరు చెప్పలేరు. నేనూ చెప్పలేను. మా అమ్మ గట్టు మీద నడుస్తా చెప్తాది. ఆ మాట ఆమెకు కాకపోతే ఎవరికి?"

అంతసేపూ పుస్తకాల తెలుగు మాట్లాడిన నాకు ఆఖరున మా ఊరి మాట వచ్చేసింది. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుంది. తర్వాత ఫోన్ చేస్తామన్నారు. వాక్యం బోర్డు మీద అలాగే వదిలి బయటికొచ్చాను.

తిరుగు బస్సులో ధైర్యమంతా దిగిపోయింది. హార్డ్ వర్కింగ్ అని రాసినంత మాత్రాన అమ్మకు వచ్చే లోటేమిటి అనిపించింది. అది అబద్ధం కాదు కదా. ఆ రెండు మాటలకు ఉద్యోగం వచ్చేదేమో. కానీ ఎంత ఆలోచించినా ఒక దగ్గరికొచ్చి ఆగిపోయేదాన్ని. కష్టపడుతుంది అన్న మాట మా పేటలో ప్రతి మనిషికీ దొరుకుతుంది. తెలివైనది అన్న మాటే ఎవరూ ఇవ్వరు.

మా అమ్మ అయిదో తరగతితో బడి మానేసింది. ఇరవై ఏళ్లకు పైగా చేలల్లో పని. నాయన శిల్పాలు చెక్కే అంగట్లో రాళ్లు నునుపు పెట్టే పని చేసేవాడు. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై నేను ఇంటర్లో ఉండగా పోయాడు. అప్పటినుంచి ఇల్లు అమ్మదే. విత్తనాల వరి వేసే రైతులు మొదట ఆమెను మామూలు కలుపు కూలీగానే పిలిచారు. కొన్నాళ్లకు ఆమె చెయ్యి వేసిన చేను విత్తనాల అధికారి తనిఖీలో ఫెయిలు కాదని తెలిసి ఆమెనే మేస్త్రిని చేశారు. ఎనిమిది మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని చేను చేనుకూ తిరిగేది.

ఆమె చూపు ఎలా పనిచేస్తుందో నేను చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నా నాకు పూర్తిగా అందలేదు. నేను పచ్చటి చేను చూసేదాన్ని. ఆమె దుబ్బు దుబ్బునూ విడిగా చూసేది. ఒక దాని ఆకు రంగు కొంచెం లేత. ఒక దాని పైఆకు నిటారుగా నిలబడితే ఇంకొకదానిది పక్కకు వాలుతుంది. ఇంకొకటి మిగతావాటికంటే రెండు రోజుల ముందే ఈనుతుంది. ఒక గింజకు సన్నటి మీసం ఉంటుంది. వీటిలో ఏదో ఒకటి చూసి కాదు, అన్నీ కలిపి ఒక్క చూపులో చూసేది. ఎలా తెలిసిందని అడిగితే మాత్రం చెప్పడానికి ఇబ్బంది పడేది. నీ మొగం నాకెట్లా తెలుస్తాదో అట్లనే అనేది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వింది. చివర్లో ఒక్కటే అడిగింది.

"తుడిచినావా?"

"లేదు మా."

"సరే అయితే."

అన్నం పెట్టాక మళ్లీ ఆ మాట ఎత్తింది. ఒకే మాటకు మంచీ చెడ్డా రెండర్థాలు ఎందుకున్నాయని అడిగింది. మొదట తేడా తెలుసుకోవడం ఒక్కటేనని, ఆ తేడాతో మనుషులు చేసే పనిని బట్టి రెండో అర్థం పుట్టిందని నాకు తెలిసినంతలో చెప్పాను. మరి నువ్వు తేడా చూసి కేళీని పీకేస్తావు కదా, అది ఏ అర్థం కిందికొస్తుందని వేళాకోళంగా అడిగాను. ఆమె దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు.

"కేళీ గూడా వరే పాపా. వండుకుంటే కడుపు నిండుతాది. ఇత్తనం కోసం చేన్లోంచి తీస్తాం, అంతే. చేన్లో చేసే పని మనుషుల్తో చేస్తే ఎట్లా?"

మరుసటి రోజు ముఠాలో ఒకామెకు జ్వరమొచ్చింది. ట్యూషన్ సాయంత్రమే కాబట్టి ఆమె బదులు నేను వెళ్లాను. కోయిలకుంట్ల రోడ్డు మీద ఆరెకరాల విత్తనాల వరి. ఆ రైతుది పెద్ద కుటుంబం, తాతల నాటి నుంచి భూములున్నవాళ్లు. చెడ్డవాడని చెప్పలేను. కనిపిస్తే నా చదువు గురించి అడిగేవాడు. కానీ ఆయన మోటారు షెడ్డులో నాలుగు స్టీలు గ్లాసులుండేవి. నాలుగూ ఒకే అంగట్లో కొన్నవి, ఒకే సైజువి. రెండు లోపల కుండ మీద బోర్లించి ఉండేవి. రెండు బయట కిటికీ గట్టు మీద ఉండేవి, వాటి అడుగున ఎర్ర రంగు చుక్క. చుక్క ఉన్నవి మా పేట వాళ్లకు. ఆ సంగతి ఎవరూ నోటితో చెప్పరు. అందరికీ తెలుసు. అమ్మ ఇంటి నుంచే ప్లాస్టిక్ బాటిల్లో నీళ్లు తెచ్చుకునేది, ఆ గ్లాసులు ముట్టేది కాదు.

వరి ఈనే రోజులవి. ఎల్లుండి తనిఖీ. చేను ఆఖరుసారి శుభ్రం చేయడానికి దిగాం. నాలుగు సాళ్లు దాటేసరికి అమ్మ ఆగిపోయింది. వంగి ఒక దుబ్బు మొదలు విడదీసి చూసింది. పక్క దుబ్బు చూసింది. లేచి తూర్పు గట్టు వరకు నడిచి తిరిగొచ్చింది. రైతునూ, విత్తనాల కంపెనీ నుంచి వచ్చిన సూపర్‌వైజరునూ పిలిచింది. అక్కడొకటి ఇక్కడొకటి కేళీలు కావని, తూర్పు వైపు ముక్కాలెకరం మేర వేరే రకం కలిసిపోయిందని, నారు పోసేటప్పుడే విత్తనం కలిసి ఉంటుందని చెప్పింది.

ఇద్దరూ చూశారు. వాళ్లకు ఏమీ కనిపించలేదు. సూపర్‌వైజరు కుర్రవాడు, ఫోన్లో ఫొటోలు పెట్టుకుని పోల్చి చూశాడు. రెండూ ఒకటేనన్నాడు. అమ్మ రెండు దుబ్బులు పీకి గట్టు మీద పడుకోబెట్టింది. ఆకు కాడను పట్టుకునే తొడుగు మొదట్లో దారమంత సన్నటి ఊదా గీత చూపించింది. ఒక దానికి ఉంది, రెండో దానికి లేదు. సూపర్‌వైజరు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసి, రైతుతో, అవునన్నా, ఉంది అన్నాడు.

రైతు ముఖం మాడిపోయింది. తూర్పు ముక్క మొత్తం దుబ్బు దుబ్బూ చూసి ఏరాలంటే నాలుగైదు రోజుల పని. అంత టైము లేదు. వచ్చే అధికారికి ఆ గీత కనిపించదని, ఆయన గట్టు మీద నిలబడి ముఠా మేస్త్రిని అడుగుతాడని, అప్పుడు అమ్మ శుభ్రం చేసినామని ఒక్క మాట అంటే చాలని అన్నాడు.

"నువ్వు చెప్పకుంటే ఎవురికీ తెలీదు," అన్నాడు.

"నాకు తెలుసు గదా సామీ," అంది అమ్మ.

అలా అయితే ఇంక మీ ముఠా రానక్కర్లేదు, ఇప్పుడే పొమ్మన్నాడు. పొద్దు నడినెత్తికి రాకముందే చేను విడిచి రోడ్డెక్కాం. దారిలో ఆడవాళ్లు గొణిగారు. ఒకామె గట్టిగానే అంది, మన చేనా, మన ఇత్తనమా, ఆ మాట అంటే నీ నోరేం అరిగిపోతాది అని. అమ్మ నడుస్తూనే జవాబు చెప్పింది. ఆ విత్తనం సంచుల్లోకెళ్తుంది, అవుకులోనో ఇంకెక్కడో ఎవడో చిన్న రైతు కొని పోస్తాడు, సగం చేను ముందు పండి సగం వెనకబడితే వాడు ఏమి కోసుకోవాలి, వాడు మనకేం చేశాడు అంది. ఆ తర్వాత అందరూ కొంగులు నెత్తిన కప్పుకుని, ఆ మాట వదిలేసి నడిచారు. ఒప్పుకున్నారని కాదు. ఎండగా ఉంది, ఆ రోజు కూలి పోయింది, ఇళ్లు దూరం.

తనిఖీ రోజు ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. రైతు వేరే ఊరి ముఠాను పిలిపించాడు. వాళ్లు కలుపు తీసే మనుషులు. తూర్పు ముక్కలో మంచి దుబ్బులు కూడా పీకేశారు. వచ్చిన అధికారి గట్టు మీద నిలబడిపోయే రకం కాదు. చేనులోకి దిగి లెక్కబెట్టి, ఈ చేను ఇప్పుడు పాసు కాదని, వారంలో శుభ్రం చేస్తే మళ్లీ వచ్చి చూస్తానని చెప్పి వెళ్లాడట.

ఆ మరునాడు పొద్దున రైతు మోటార్ సైకిల్ మీద మా వీధికొచ్చాడు. నేను గడప దగ్గర పేపరు చదువుతున్నాను. అమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. బండి మీద చెయ్యి పెట్టుకుని, రేపట్నుంచి రాండి అన్నాడు.

వస్తామంది అమ్మ. అయితే ఇకమీదట లోపల కుండ మీద ఉన్న గ్లాసుల్లోనే మేమూ నీళ్లు తాగుతామంది. ఆ మాట ఆమె ముందుగా నాతో అనలేదు. ముఠాలో ఎవరితోనూ అనలేదు. నేను పేపరు మడిచి లేచి నిలబడ్డాను.

రైతుకు అర్థం కానట్టు చూశాడు. "అన్నీ ఒకటే గ్లాసులు గదమ్మే. తేడా ఏముండాది?"

"తేడా లేకుంటే ఎర్రసుక్క ఎందుకు పెట్టినావు సామీ?"

రైతు బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. వీధిలో నలుగురైదుగురు తలుపుల దగ్గర నిలబడి విన్నారు. పక్కింటి పెద్దామె వచ్చి, పని పోగొట్టుకున్నావు అంది. పోతే పోనీలే అంది అమ్మ. కానీ లోపలికొచ్చాక బియ్యం డబ్బా మూత తీసి, ఎన్ని రోజులకు వస్తాయో చూసుకుంది.

రావొద్దన్న కబురు రాలేదు. కాబట్టి మరుసటి రోజు వెళ్లాం. జ్వరం తగ్గి ఎనిమిదో ఆమె కూడా వచ్చింది. అయినా నేను వెళ్లాను. షెడ్డు దగ్గరికెళ్లేసరికి కిటికీ గట్టు ఖాళీగా ఉంది. చుక్కల గ్లాసులు లేవు. వాటి బదులు బయట స్టూలు మీద కొళాయి ఉన్న నీళ్ల క్యాను, పక్కన ఒక కట్ట పేపరు కప్పులు. లోపల కుండ, దాని మీద రెండు స్టీలు గ్లాసులు ఎప్పటిలాగే ఉన్నాయి. రైతు షెడ్డు పక్కన మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

మాలో ఒకామె పేపరు కప్పు తీసుకోబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. చెప్పులు విడిచి షెడ్డు లోపలికెళ్లింది. కుండ మీది గ్లాసు తీసి, ముంచుకుని, నిలబడి తాగింది. గ్లాసు కడిగి మళ్లీ కుండ మీద బోర్లించి బయటికొచ్చింది. ఆమెకు అప్పుడు దాహం లేదని నాకు తెలుసు. ఇంటి నుంచి తెచ్చుకున్న బాటిలు ఆమె చేతి సంచిలో నిండుగా ఉంది.

తర్వాత నేను వెళ్లాను. నా వెనక జ్వరమొచ్చి లేచిన ఆమె. తర్వాత దారిలో అమ్మను తిట్టిన ఆమె. ఒకరి తర్వాత ఒకరు ఎనిమిది మందీ వెళ్లి తాగి వచ్చారు. ఆఖరామె కొంచెం ఎక్కువ సేపే లోపల ఉండి రెండు గ్లాసులు తాగింది. రైతు తలెత్తి చూశాడు, మళ్లీ ఫోన్లోకి చూసుకున్నాడు. అందరూ అయ్యాక, ఎండెక్కక ముందే దిగండి అన్నాడు.

అయిదు రోజులు పట్టింది. నేను కూడా తూర్పు ముక్కలో ఆ ఊదా గీత కోసం వంగి వంగి వెతికాను. రెండో రోజుకు కనిపించడం మొదలైంది. మూడో రోజు అమ్మ నా వెనక వచ్చి నేను వదిలేసిన దుబ్బులు పదకొండు పీకింది. మళ్లీ వచ్చిన అధికారి చేను పాసు చేశాడు. ఆ మరుసటి పంట కారుకు ఆ రైతు మా అమ్మను పిలవలేదు. వేరే ముఠాతో చేయించుకున్నాడు. ఆ తర్వాతి కారుకు పిలిచాడు. ఆమె వెళ్లింది. షెడ్డు బయట క్యానూ పేపరు కప్పులూ లేవని, లోపల అందరికీ కుండ ఒక్కటే, గ్లాసులు రెండే ఉన్నాయని వచ్చి చెప్పింది. ఆ ఊళ్లో మిగతా షెడ్ల సంగతి మాత్రం అలా లేదు. కొన్నిచోట్ల పేపరు కప్పులొచ్చాయి. కొన్నిచోట్ల చుక్కలే ఉన్నాయి. ఆ చేలకు ఆమె వెళ్లదు.

నంద్యాల కాలేజీ నుంచి ఫోన్ రాలేదు. నేను కూడా చేయలేదు. మరుసటి జూన్‌లో కోయిలకుంట్లలో ఒక హైస్కూల్లో చేరాను. రెండేళ్ల తర్వాత నంద్యాలలోనే ఇంకో కాలేజీకి మారాను. అక్కడ పిల్లలకు విశేషణాలు చెప్పేటప్పుడు నిఘంటువు ఇచ్చే ఉదాహరణలతో ఆగను. ఈ మాట ఎవరికి వాడొచ్చు అని అడిగి, మీ ఇళ్లల్లో వెతకమంటాను. ఒకమ్మాయి శనగలు చేత్తో పట్టుకుని తేమ చెప్పే వాళ్ల తాత గురించి రాసింది. ఇంకొకమ్మాయి రాయి మీద సుత్తితో కొట్టి, చప్పుడు విని లోపల పగులుందో లేదో చెప్పే వాళ్ల నాయన గురించి రాసింది. వాడుక తప్పని నేను ఎవరికీ దిద్దలేదు. ఒక మాట ఇంతవరకు కొందరికే వాడారంటే అది ఆ మాట లోపం కాదు, వాడినవాళ్ల లోపం.

నిరుడు నంద్యాలలో విత్తనాల సాగు మీద రైతులకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. చేనులో కేళీలు ఎలా గుర్తుపట్టాలో చూపించడానికి అమ్మను పిలిచారు. ఆ రోజు గట్టు మీద ఊదా గీత చూసి అవునన్నా, ఉంది అన్న సూపర్‌వైజరే ఆమె పేరు చెప్పాడట. నేను కాలేజీకి సెలవు పెట్టి తోడు వెళ్లాను. గేటు దగ్గర ఒక గుమాస్తా వివరాలు రాసుకుంటున్నాడు. పేరు, ఊరు అయ్యాక వృత్తి దగ్గర అడక్కుండానే వ్యవసాయ కూలీ అని రాశాడు. అమ్మకు తెలుగు చదవడం వచ్చు. కాగితం వైపు వంగి చూసింది.

"అది కొట్టేయప్పా. కేళీలు పట్టే మనిషి అని రాయి."

అట్లాంటి వృత్తి లిస్టులో లేదన్నాడు అతను. లేకుంటే రాయి, ఈ పొద్దుట్నుంచి ఉంటాది అంది. వెనక వరుసలో రైతులు నిలబడి ఉన్నారు. అతను వాళ్లవైపు చూసి, నా వైపు చూసి, ఆఖరికి గీత కొట్టి ఆమె చెప్పినట్టే రాశాడు. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో ఆమె మళ్లీ ఒకసారి చదువుకుని, సంతకం పెట్టి, మొదటి వరుసలో వెళ్లి కూర్చుంది.